ఏజెన్సీ మార్చేద్దాం అనుకున్నాక: విశాఖలో పెద్దల సంరక్షణ చేతులు మారే తీరు

కనుమ వెళ్ళిన రెండో రోజు నుంచి విశాఖపట్నంలో హోమ్ నర్సింగ్ ఏజెన్సీల ఫోన్లు ఆగకుండా మోగుతాయి. పండక్కి నాలుగు రోజులు సెలవడిగి శ్రీకాకుళం వైపో పార్వతీపురం వైపో ఊరెళ్ళిన అటెండెంట్ తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్, లేదంటే "మా అమ్మకి ఒంట్లో బాగోలేదండి, వచ్చే వారం వస్తాను" అని జవాబు. ఏజెన్సీవాళ్ళు బదులుగా పంపిన కొత్తమ్మాయికి పెద్దావిడను మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం రాదు. సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో ఉన్న ఆ ఫ్లాట్‌లో పొద్దున గొడవ మొదలవుతుంది. రాత్రికి అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వీడియో కాల్‌లో తీర్పు వచ్చేస్తుంది: ఏజెన్సీ మార్చేద్దాం.

దసరా తర్వాత విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను రోజుల్లో, వేసవిలో ఊళ్ళల్లో అమ్మవారి పండగలప్పుడు కూడా ఇదే తంతు, కాస్త చిన్న ఎత్తున.

మార్చడం తప్పని ఎవరూ అనరు. కొన్ని ఇళ్ళల్లో మార్చకపోవడమే ప్రమాదం. అయితే మార్పు వల్ల పోయేది డిపాజిట్ డబ్బు ఒక్కటేనని చాలామంది లెక్క వేసుకుంటారు. అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఆవిడను ఏ పక్కకు తిప్పి పడుకోబెడితే నిద్ర పడుతుంది, ఏ మాత్ర చూడగానే నోరు బిగిస్తుంది, రాత్రి ఎన్నింటికి బాత్‌రూమ్‌కి లేస్తుంది అన్నది తెలిసిన మనిషి ఒక్కతే. ఆ అమ్మాయి బ్యాగు సర్దుకుని వెళ్తే, ఎనిమిది నెలల పాటు నేర్చుకున్నదంతా ఆమెతోపాటే గాజువాక బస్సెక్కేస్తుంది.

విశాఖలో ఈ సేవలకు ఇంత గిరాకీ ఎందుకో వెతకనక్కర్లేదు. స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, హెచ్‌పీసీఎల్, రైల్వే, నేవీ, ఆంధ్రా యూనివర్సిటీల్లో పనిచేసి రిటైరైన తరం ఇక్కడే ఇళ్ళు కట్టుకుని స్థిరపడింది. పిల్లలు చదువుకుని హైదరాబాదు, బెంగళూరు, ఆపైన విదేశాలు పట్టారు. ఇంట్లో ఇద్దరు మిగిలారు, కొన్నాళ్ళకు ఒకరు. ఇంకోవైపు ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చే అమ్మాయిలు, అబ్బాయిలు. ఈ ఇద్దరినీ కలిపేది ఏజెన్సీ. పెద్ద సంస్థలూ ఉన్నాయి గానీ, ఒక గది ఆఫీసు, రెండు ఫోన్లు, ఒక వాట్సాప్ గ్రూపు ఉన్నా ఏజెన్సీ అయిపోవచ్చు.

చట్టం అంతకుమించి పెద్దగా అడగడం లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో ప్రతి జిల్లాలో ఆధారం లేని 150 మందికి సరిపడే వృద్ధాశ్రమం ఉండాలన్న మాట ఉంది, పిల్లలు పట్టించుకోకపోతే ట్రైబ్యునల్‌కు వెళ్ళే దారి ఉంది. ఇంటికి మనుషులను పంపే సంస్థల ఊసు మాత్రం లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో ఆ సంస్థలను కూడా నమోదు పరిధిలోకి తెచ్చే ఏర్పాటు ఉండేది. అది చట్టం కాలేదు, 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది. కాబట్టి ఇవాళ ఒక ఏజెన్సీ మంచిదా కాదా అని తేల్చే ప్రభుత్వ ముద్ర అంటూ ఏదీ లేదు. కుటుంబమే చూసుకోవాలి, కుటుంబమే తేల్చుకోవాలి.

ఆస్ట్రేలియాలో ఉన్న కొడుక్కి ఇది వింతగా తోస్తుంది. అక్కడ ఇంటి వద్ద సంరక్షణకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2017 ఫిబ్రవరి నుంచి మనిషి పేరు మీద ఉంటోంది. సంస్థ నచ్చకపోతే ఆ మనిషితోపాటు సొమ్మూ కొత్త సంస్థకు వెళ్తుంది. వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర పాత సంస్థలు వసూలు చేసే 'ఎగ్జిట్ ఫీజు'ను కూడా 2023 జనవరి 1 నుంచి ఎత్తేశారు. 2025 నవంబరు 1 నుంచి కొత్త చట్టం, కొత్త పథకం నడుస్తున్నాయి. ఆ లెక్కలో ఆలోచించి "ప్రొవైడర్‌ని మార్చేయండి, అంతే కదా" అంటాడు. ఇక్కడ వెంట వచ్చే సొమ్ము లేదు, ఫైలు లేదు. వెంట తెచ్చుకోవాల్సినదంతా ఇంట్లోవాళ్ళే మూట కట్టుకోవాలి.

లోపం ఎక్కడుందో ముందు తేలాలి

మార్చే ముందు ఒక ప్రశ్న దగ్గర ఆగాలి. నచ్చనిది మనిషా, ఏజెన్సీనా, ఇంట్లో నడుస్తున్న పద్ధతా?

మనిషి నచ్చకపోతే ఏజెన్సీ మార్చనక్కర్లేదు, మనిషిని మార్చమని అడిగితే చాలు. చాలా ఒప్పందాల్లో 'రీప్లేస్‌మెంట్' మాట ఉంటుంది, ఎన్నిసార్లు, ఎన్ని రోజుల్లో అన్నదే తేడా. అడగడానికి మొహమాటపడి ఏకంగా ఏజెన్సీనే వదిలేసుకునే కుటుంబాలున్నాయి. వదిలేసుకుని పోయేదీ అంత దూరమేం కాదు. ఊళ్ళో అటెండెంట్ల గుంపు ఒక్కటే, ఈ నెల ఒక ఏజెన్సీ పేరు మీద పనిచేసిన మనిషి వచ్చే నెల ఇంకో ఏజెన్సీ పేరు మీద కనిపిస్తుంది. బోర్డు మారింది, జీతమిచ్చే చెయ్యి మారింది, పని నేర్పినవాళ్ళు మాత్రం అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు.

ఏజెన్సీలోనే లోపం ఉందనడానికి గుర్తులు వేరే ఉంటాయి. మనిషి రాని రోజున పొద్దున ఏడింటికి ఫోన్ ఎత్తకపోవడం. సూపర్‌వైజర్ అనే మనిషి చేరిన రోజు తప్ప మళ్ళీ గుమ్మం తొక్కకపోవడం. పంపిన మనిషి ఆధార్ కాపీ, పోలీసు వెరిఫికేషన్ కాగితం అడిగితే "ఆఫీసులో ఉందండి" అంటూ నెలలు గడపడం. అటెండెంట్‌కి జీతం ఆలస్యంగా ఇవ్వడం, దాని ఫలితంగా ఆ అమ్మాయి పెద్దాయన దగ్గరే అప్పు అడగడం. ఈ ఆఖరిది కనబడితే ఇక ఆలోచించే పనిలేదు.

నర్సు అనే మాటతో కూడా తంటా ఉంది. మన వాడుకలో తెల్లకోటు వేసుకుని వచ్చినవాళ్ళందరూ నర్సులే. ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన వాళ్ళు వేరు, కొద్ది నెలల శిక్షణతో వచ్చిన అటెండెంట్ వేరు, ఏ శిక్షణా లేని ఆయా వేరు. ముక్కులో నుంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబు, మూత్రానికి వేసిన క్యాథెటర్, ఇంజెక్షన్లు ఉన్న ఇంటికి అటెండెంట్ రేటుకు మనిషి వచ్చిందని సంతోషించి, రెండు నెలలకు ఇన్‌ఫెక్షన్ వచ్చిందని ఏజెన్సీని తిడితే, తప్పులో సగం కుదుర్చుకున్న రోజునే జరిగిందని ఒప్పుకోవాలి. మారేటప్పుడు మొదట అడగాల్సింది నెల రేటు కన్నా ముందు ఇది: పంపేది ఎవరిని? నర్సైతే రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?

ఇక మూడోది, మాట్లాడుకోవడానికి అంత ఇష్టపడనిది. ఏడాదిలో నాలుగో ఏజెన్సీ మారుస్తున్న ఇల్లు ఒకసారి తన వంక తాను చూసుకోవాలి. 'ఇరవైనాలుగు గంటల డ్యూటీ' అని కుదుర్చుకుంటారు. రాత్రి మూడుసార్లు లేచే పెద్దాయన దగ్గర ఆ అమ్మాయి ఎన్ని గంటలు పడుకుంటుందో ఎవరూ లెక్కపెట్టరు. పెద్దావిడను చూసుకోవడానికని తెచ్చి, మెల్లగా గిన్నెలు, ఆ తర్వాత బట్టలు, పండక్కి పిండివంటలు కూడా నెత్తిన పెడతారు. గ్లాసు వేరు, కంచం వేరు, వంటింట్లోకి రావద్దు అనే ఇళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. తినడానికి ఇచ్చేది నిన్నటి అన్నం. ఇలాంటి ఇంటికి ఏ ఏజెన్సీ మనిషిని పంపినా సంక్రాంతికి వెళ్ళి రాదు. రాకపోవడం ఆమెకు తెలిసిన రాజీనామా పద్ధతి. పన్నెండు గంటల చొప్పున ఇద్దరిని పెట్టుకుంటే ఖర్చు పెరుగుతుంది, నిజమే. నెలకోసారి కొత్త మనిషికి మొదటి నుంచీ నేర్పుకుంటూ కూర్చోవడం కూడా ఖర్చే, అది బిల్లులో కనిపించదు.

భాష సంగతి కూడా తీసిపారేసేది కాదు. ఒడిశా కొండల నుంచి వచ్చిన అమ్మాయికి తెలుగు అంతంతమాత్రం, పెద్దాయనకు వినికిడి అంతంతమాత్రం. ఇద్దరూ మంచివాళ్ళే. "నీళ్ళు" అన్నది అందక పెద్దాయన దాహంతో ఉండిపోతే తప్పెవరిదని తేల్చగలం?

నోటుబుక్కు

మార్చడం ఖాయమైతే, పాత మనిషి ఇంకా ఇంట్లో ఉండగానే మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది. రూపాయలు పోసి కొనేది కాదు కాబట్టే దాన్ని ఎవరూ చేయరు. ఒక రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొని, ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో ఆ అటెండెంట్ చేత చెప్పించి రాసుకోవడం.

మందులతో మొదలుపెట్టాలి. చీటీలో ఉన్నవి ఒకటి, డబ్బాలో ఉన్నవి ఒకటి, నిజంగా వేస్తున్నవి మరొకటి కావడం మామూలే. ఆస్పత్రి డిశ్చార్జి కాగితంలో ఒక కంపెనీ పేరు, వీధి చివర మెడికల్ షాపువాడు ఇచ్చిన దాని మీద ఇంకో పేరు ఉంటాయి, లోపల మందు ఒక్కటే. కొత్తగా వచ్చిన మనిషి రెండూ వేరనుకుని రెండూ వేస్తుంది. బీపీ మాత్రతో ఇలా జరిగితే పెద్దావిడ బాత్‌రూమ్‌లో పడిపోతుంది. అందుకే మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తినకముందా తిన్నాకా అన్నది రాసి, దాని పక్కన ఖాళీ స్ట్రిప్ ముక్క అంటించేస్తే చదువు తక్కువైన మనిషికి కూడా అర్థమవుతుంది. మింగలేదని మాత్రలు పొడి చేసి పెట్టే అలవాటు ఉంటే అది కూడా రాసి డాక్టరుకు చూపించాలి, పొడి చేయకూడని మాత్రలున్నాయి.

ఇన్సులిన్ ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్ను క్యాట్రిడ్జ్‌లో వచ్చేది 100 యూనిట్లది. సిరంజీలు కూడా రెండు రకాలు, 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ రంగు మూత. 100 రకం మందును 40 సిరంజీలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. అదే 40 రకం మందును 100 సిరంజీలో 20 గీత దాకా తీస్తే 8 యూనిట్లే వెళ్తుంది. పాత మనిషికి అలవాటైపోయి చెయ్యి తనంతట తాను సరైన సిరంజీ మీదకే వెళ్తుంది. కొత్త మనిషికి ఆ డబ్బాలో ఏముందో ఎవరూ చెప్పకపోతే మొదటి రాత్రే ప్రమాదం.

తర్వాత ఒళ్ళు. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలన్నది పాత నియమం. నడుం కింద ఎముక దగ్గర, మడమల మీద, తుంటి పక్కన చర్మం ఎర్రబారిందా, పుండు పడిందా అన్నది పాత ఏజెన్సీ ఆఖరి రోజున, పగటి వెలుతురులో, ఇంటి మనిషి ఒకరు ఉండగా చూసి ఫోటో తీసి తేదీ వేసుకోవాలి. విశాఖ ఉక్కపోతలో, వీపు చెమటతో తడిసే ఉండే మే నెలలో, పుండు గంటల్లోనే మొదలవుతుంది. ఆ ఫోటో లేకపోతే మూడు రోజుల తర్వాత "మేం వచ్చేటప్పటికే ఉంది" అని కొత్తవాళ్ళు, "మేం ఉన్నప్పుడు లేదు" అని పాతవాళ్ళు. క్యాథెటర్, రైల్స్ ట్యూబు ఆఖరుసారి ఎప్పుడు మార్చారన్న తేదీ కూడా ఆ పేజీలోనే ఉండాలి.

తిండి సంగతి డాక్టరు కాగితంలో సగమే ఉంటుంది. పక్షవాతం వచ్చిన మనిషికి పలచటి నీళ్ళు పొరబోతాయి, చోడి (రాగి) అంబలి కాస్త చిక్కగా కాస్తే దిగుతుంది. ఏ వైపు నుంచి చెంచా పెట్టాలి, తిన్నాక ఎంతసేపు కూర్చోబెట్టాలి. ఇవన్నీ పాత అమ్మాయి ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పెద్దాయన "మా ఇంటికి తీసుకుపో" అని గోల చేస్తే, చొక్కా మార్చి బాల్కనీలో ఒక చుట్టు తిప్పి "వచ్చేశాం తాతగారూ" అంటే ఊరుకుంటాడని కూడా ఆమెకే తెలుసు. మతిమరుపు జబ్బున్న ఇంట్లో ఇలాంటి చిట్కా మాత్ర కన్నా ఎక్కువ పనిచేస్తుంది. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా. అలాంటి మనిషికి ముఖం మారడమే పెద్ద దెబ్బ. నాలుగైదు రోజులు నిద్రపోరు, తినరు, కొడతారు కూడా. ఆ రోజుల్లోనే "కొత్త ఏజెన్సీ కూడా దండగే" అని మళ్ళీ మార్చేస్తే దెబ్బ మీద దెబ్బ.

నోటుబుక్కు ఒక్కటే చాలదు, చేతితో చేసి చూపించాలి. రెండు మూడు రోజుల పాటు పాత, కొత్త మనుషులిద్దరూ కలిసి ఉండేలా చూసుకోవడమే అన్నిటికన్నా మేలైన దారి. రెండు జీతాలు పడతాయి. పాత ఏజెన్సీకి ఇష్టం ఉండదు. అందుకని పగటి పూట కొత్త ఏజెన్సీ మనిషిని, రాత్రికి పాత మనిషిని పెట్టి ఓ వారం నడిపి, ఆ తర్వాత పూర్తిగా మారడం నయం. స్నానం, తిండి, మందులు, నడిపించడం అన్నీ పగలే కాబట్టి కొత్త మనిషి పని వెలుగులో కనిపిస్తుంది. ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నా సగం పని అయినట్టే.

ఇంకో చేదు సంగతి. చేతులు మారే రోజునే వస్తువులు కనబడకుండా పోతాయి, లేదా ఎప్పుడో పోయినవి ఆ రోజున గుర్తుకొస్తాయి. నింద వెళ్ళిపోయే అమ్మాయి మీద పడుతుంది. గాజులు, గొలుసు, బీరువా తాళాలు ఆమె ఉండగానే లెక్క చూసుకోవడం ఆమెకూ రక్షణే. ఫోన్ లాకు నంబరు, ఏటీఎం పిన్ను, యూపీఐ పిన్ను ఆ రోజే మార్చేయాలి.

డిపాజిట్, నోటీసు, ఆ తర్వాతి పేచీలు

ఏజెన్సీలు అడిగేవి మామూలుగా మూడు: రిజిస్ట్రేషన్ ఫీజు, అడ్వాన్సు, నెల బిల్లు. మొదటిది తిరిగి రాదు, దాని మీద గొంతు చించుకోవడం వృథా. అడ్వాన్సు తిరిగి రావాలంటే ఒప్పంద కాగితంలో నోటీసు ఎన్నాళ్ళో చూసి, ఆ గడువు బిల్లు నెలతో కలిసిపోయేలా రాతపూర్వకంగా చెప్పాలి. వాట్సాప్ మెసేజ్ కూడా రాతే. కోపంలో ఫోన్‌లో "రేపట్నుంచి రావద్దు" అంటే ఆ నెల డబ్బు మీద పేచీకి తలుపు తెరిచినట్టే.

అద్దె సామాను ఇంకో చిక్కు. మంచం, ఎయిర్‌బెడ్, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఏజెన్సీ ద్వారా తెచ్చుకుని ఉంటే, సేవ ఆగిన రోజే వాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. పెద్దావిడ ఆ మంచం మీదే ఉంటుంది. సామాను ముందు వేరే చోట కుదుర్చుకున్నాకే నోటీసు ఇవ్వాలి.

ఒప్పందంలో ఇంకో షరతు ఉంటుంది: మా మనిషిని మీరు నేరుగా పెట్టుకోకూడదు, పెట్టుకుంటే ఇంత కట్టాలి. కుటుంబానికి ఏజెన్సీ మీద కోపం, అమ్మాయి మీద ఇష్టం. ఇది చాలా ఇళ్ళల్లో జరిగేదే. ఆ షరతుకు కొంత న్యాయం ఉంది, మనిషిని వెతికి తెచ్చినవాళ్ళు వాళ్ళు. అలాగని ఎంత రాసుకుంటే అంతా వసూలు చేసుకోవడం కుదరదు. భారత ఒప్పందాల చట్టం 1872లోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసిన మొత్తం ఎంతైనా, దాన్ని మించకుండా సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తారు. నేరుగా పెట్టుకున్నాక ఆమె జ్వరపడితే బదులు మనిషి రాదన్న సంగతి కూడా గుర్తుండాలి. ఏజెన్సీకి కట్టే కమీషన్‌లో కొంత భాగం ఆ భరోసా కోసమే.

డబ్బు పుచ్చుకుని ఇచ్చే సేవ కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం 2019 వర్తిస్తుంది. మొదటి మెట్టు 1915 హెల్ప్‌లైన్. చాలా పేచీలు అక్కడే, సంస్థకు ఫోన్ వెళ్ళగానే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము 50 లక్షలలోపు ఉన్న కేసులు అక్కడ వేయొచ్చు, 5 లక్షల వరకు ఫీజు కూడా లేదు. వివాదం మొదలైన రెండేళ్ళలోపు వేయాలి. సంస్థ ఆఫీసు వేరే ఊళ్ళో ఉన్నా, ఫిర్యాదు చేసేవారు ఉంటున్న ఊళ్ళో వేసుకునే వీలుంది. మితిమీరిన డిపాజిట్, తప్పుకు ఏమాత్రం పొంతన లేని జరిమానా లాంటి షరతులను ఈ చట్టం 'అన్యాయమైన ఒప్పందం' అంటుంది. అలా అని సవాలు చేయాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. పూర్తి ఉచితంగా నడిచే ఆశ్రమాల మీద ఈ దారి పనిచేయదు, ఉచిత సేవ ఈ చట్టం పరిధిలోకి రాదు.

హోమ్ నుంచి హోమ్‌కు

ఇంట్లో మనిషిని మార్చడం కంటే వృద్ధాశ్రమం మార్చడం పది రెట్లు బరువైన పని. గది, మంచం, పక్క మంచం మనిషి, కిటికీలో కనిపించే చెట్టు, అన్నీ ఒక్కసారే పోతాయి.

విశాఖలో స్థలం దొరికేది ఊరి చివరే కాబట్టి హోమ్‌లు భీమిలి రోడ్డు, ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం వైపు జరిగాయి. వీడియో కాల్‌లో చూసే పిల్లలకు సముద్రం గాలి, తోట, కొండ బాగా కనిపిస్తాయి. అర్ధరాత్రి గుండె పట్టేస్తే అక్కణ్ణుంచి కేజీహెచ్ పెద్దాస్పత్రికో, హనుమంతవాక దగ్గర విమ్స్‌కో, ఆరిలోవ హెల్త్ సిటీకో ఎంతసేపట్లో చేరతారన్నది ఫోటోలో కనిపించదు. ఆ దారిలో ఒకసారి కారు నడిపి చూస్తే తెలుస్తుంది. స్టీల్‌ప్లాంటు, పోర్టు, రైల్వే రిటైర్డ్ ఉద్యోగులకు తమ సంస్థ ఆస్పత్రి, మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ క్లినిక్ ఎంత దూరమన్నది ఇంకా ముఖ్యం. పాత ఫైళ్ళు, ఉచిత మందులు అక్కడే. మంచి హోమ్ అని అవతలి చివరకు మారాక, నెలనెలా మందుల కోసం ఊరంతా అడ్డంగా దాటాల్సి వస్తుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సబ్బవరం అనకాపల్లి జిల్లాలో ఉంది. పెందుర్తి నుంచి నాలుగు మైళ్ళు అవతలికి మారినా కలెక్టరు మారతారు, ఆర్డీవో మారతారు. ఎన్టీఆర్ భరోసా పింఛను తీసుకునేవాళ్ళకు ఇది అసలైన తలనొప్పి. 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలైన వృద్ధాప్య పింఛను సచివాలయం సిబ్బంది చేతికే తెచ్చిస్తారు కాబట్టి, మారే ముందే సచివాలయంలో బదిలీ సంగతి చూసుకోవాలి. ఉద్యోగ పింఛనుదారులకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని చూపే కాగితం) గండం ఉంటుంది. ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు పాత హోమ్ మేనేజరుది కాకుండా ఉంటే సగం బాధ తప్పినట్టే. నవ్వులాటకు అన్న మాట కాదు, అలాంటివి జరుగుతాయి.

హోమ్ చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఫోన్ చేసి చెప్పి వెళ్తే కనిపించేది ముస్తాబు. సాయంత్రం ఏడింటికి, ఆదివారం నాడు, చెప్పకుండా వెళ్ళాలి. ఆ వేళ ఎంతమందికి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి. టీవీ ముందు కుర్చీల్లో అందరూ తలలు వేలాడేసి నిద్రపోతుంటే, అంతమందికి ఒకేసారి నిద్ర ఎలా పట్టిందో అడగాలి. మూత్రం వాసన ఒక గదిలో ఉంటే ఆ గదిలో ప్రమాదం జరిగిందనుకోవచ్చు, వరండా అంతా ఉంటే మనుషులు చాలడం లేదన్నమాట. జనరేటర్ ఉందా, అందులో డీజిల్ ఉందా అన్నది విశాఖలో తప్పనిసరి ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. ఎయిర్‌బెడ్ పంపు, కాన్సంట్రేటర్ కరెంటు మీదే నడుస్తాయి.

వీలైతే పాత గది ఖాళీ చేయకుండానే కొత్త హోమ్‌లో వారం, పది రోజులు ఉండి చూడటానికి ఒప్పించుకోవాలి. ఆ పది రోజుల డబ్బు దండగలా అనిపిస్తుంది. అడ్వాన్సు అంతా కట్టేశాక పెద్దాయన అన్నం మానేస్తే పడే బాధ ముందు అది ఏ మూలకి?

పాత హోమ్ మీద నిర్లక్ష్యం, కొట్టడం, కట్టేయడం లాంటి అనుమానం ఉంటే ఈ నెమ్మది పనికిరాదు. ముందు మనిషిని బయటికి తీసుకొచ్చి, ఆస్పత్రిలో చూపించి కాగితం తీసుకోవాలి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా చెప్పుకోవచ్చు. ఖర్చు భరించే కొడుకో కూతురో చేయి ముడుచుకోవడం వల్ల మారాల్సి వస్తే, 2007 చట్టం కింద ట్రైబ్యునల్ ఆర్డీవో దగ్గరే ఉంటుంది. విశాఖ జిల్లాలో విశాఖపట్నం, భీమునిపట్నం డివిజన్లకు వేర్వేరుగా. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు ఇప్పించే అధికారం దానికి ఉంది. ఓ మోస్తరు హోమ్ రేటు ముందు ఆ మొత్తం చిన్నదే.

ఇన్నిటి మధ్య మారబోయే మనిషి మాట ఎవరు విన్నారు? "నాకేం పర్వాలేదు నాయనా, ఇక్కడే బాగుంది" అని పెద్దావిడ అంటుంది. అటెండెంట్ పక్కనే నిలబడి ఫోన్ పట్టుకున్నప్పుడు ఇంకేమంటుంది? రాత్రంతా తనను చూసుకోవాల్సింది ఆ అమ్మాయే. బంధువో, పాత పక్కింటావిడో వెళ్ళి, అటెండెంట్‌ను పాల ప్యాకెట్‌కు పంపి, పావుగంట ఊరికే కూర్చుంటే చాలా సంగతులు బయటికొస్తాయి. మనసు సరిగ్గా ఉన్న మనిషి వద్దంటే మార్చే హక్కు పిల్లలకు లేదు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, ఆ ఇల్లు, ఆ పింఛను, ఆ ఒళ్ళు ఆవిడవే. మతి తప్పిన మనిషి విషయంలో ఒంటిని చూసి తెలుసుకోవాలి. మారిన మొదటి రోజున ఒకసారి, మూడు వారాలకు ఇంకోసారి అదే కాటా మీద బరువు చూస్తే, మాటల్లో రానిది కొంత అంకెల్లో వస్తుంది.

పాత ఏజెన్సీకి ఇవ్వాల్సిన ఆఖరు రోజుల డబ్బు లెక్కగట్టి ఇచ్చేయడం, వెళ్ళే అమ్మాయి చేతిలో ఓ చీరో, దారి ఖర్చులో పెట్టడం లెక్కాచారంలోకి రాని పనులు. అయినా చేసుకోవడం మంచిది. కొత్త ఏజెన్సీ పంపిన మనిషి వచ్చే సంక్రాంతికి ఊరెళ్ళి రాకపోతే, బదులుగా తలుపు కొట్టేది ఈ అమ్మాయే కావచ్చు.